జిల్లా మహబూబాబాద్, ఎమ్మెల్యే పాలకుర్తి, ఎంపీ వరంగల్... మేం ఎవరి కిందికి వస్తాం?

ప్రశ్న (తొర్రూరు మండలం నుంచి):
మా అమ్మ పింఛన్ కాగితాలు పట్టుకుని పోతే, ఒక ఆఫీసులో "మీరు మా కిందికి రారు" అని పంపించేశారు. బస్టాండ్‌లో కూర్చుని నాకు ఫోన్ చేసింది. "బిడ్డా, ఇంతకీ మనం ఎవరోళ్లం?" అంటే నాకు జవాబు దొరకలేదు. ఇంకొకటి. మా పాత ఎమ్మెల్యే దయాకర్ రావు గారి మెజార్టీ 53 వేలని మా బాబాయి, కాదు 47 వేలని మా బావ. ఏది నిజం?

జవాబు (రాయపర్తి, రిటైర్డ్ టీచర్):
తమ్ముడూ, అమ్మను తిప్పకు. పింఛన్ దరఖాస్తు మీ మండలంలోనే, ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వండి. దానికి నియోజకవర్గంతో పని లేదు.

నియోజకవర్గాల హద్దులు 2008లో గీశారు. జిల్లాలను 2016 దసరాకు విడగొట్టారు. ఆ గీతలు అట్లనే ఉన్నాయి, వాటి మీద నుంచే జిల్లాలు చీలాయి. అందుకే పాలకుర్తి ఒక్క సీటు మూడు జిల్లాల్లో ఉంది: పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల జనగామలో, మీ తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాద్‌లో, మా రాయపర్తి వరంగల్‌లో. అందరి ఓటూ వరంగల్ ఎంపీకే.

మీ ఇంట్లో ఇద్దరూ కరెక్టే. 2018లో ఎర్రబెల్లి దయాకర్ రావు గెలిచింది 53 వేల పైచిలుకుతో. 2023లో ఓడింది 47,634తో. రెండూ కలిపి చూడండి, అయిదేళ్లలో లక్ష ఓట్ల తేడా తిరగబడింది! 1994 నుంచి, మొదట వర్ధన్నపేటలో, తర్వాత ఇక్కడ, అసెంబ్లీకి వరసగా గెలుస్తూ వచ్చిన మనిషి, పైగా అప్పుడు మంత్రి. గెలిచిన యశస్వినీ రెడ్డికి 26 ఏళ్లు. అసలు పోటీకి దిగాల్సింది ఆమె అత్త ఝాన్సీ రెడ్డి. పౌరసత్వం చిక్కుతో కోడలు నిలబడింది.

నేను ఎన్నో ఎన్నికల్లో డ్యూటీ చేశాను. 2023 నవంబర్ 30న మాత్రం ఓటరుగా లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక ముసలమ్మ, సిరా పెట్టిన వేలు ఆరేదాకా గాల్లోనే పట్టుకుని నడిచింది. ఆ జాగ్రత్త చూస్తే ఆమెకు ఆ ఓటు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. అట్లాంటి వాళ్లను ఆఫీసుల చుట్టూ తిప్పడం నాకు చాలా బాధగా ఉంటుంది.

జవాబు (దేవరుప్పుల):
సార్ చెప్పింది నిజం. మాకు కలెక్టరేట్ జనగామలో. కానీ జనగామ టౌన్ వాళ్లు ఓటేసేది భువనగిరి ఎంపీకి, మేం వరంగల్‌కు. నర్సంపేట ఇంకా విచిత్రం, జిల్లా వరంగల్, ఎంపీ మహబూబాబాద్.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
చాలా థ్యాంక్స్ సార్. సోమవారం లీవు పెట్టి నేనే అమ్మను ఎంపీడీవో ఆఫీసుకు తీసుకెళ్తా. బాబాయికీ బావకూ మీ లెక్క చదివి వినిపించాను, ఇద్దరూ ఒప్పుకున్నారు.