జెన్షన్ వయొలెట్ ఇంకా పూయొచ్చా? రొయ్యల చెరువు పనివాళ్ల కాళ్ల గురించి

మైపాడు రైతు:
చెరువుల్లో దిగే మా కుర్రాళ్లకి కాలివేళ్ల సందులు నాని, తెల్లగా చీకిపోతాయి. నెల్లూరులో పాత మందుల షాపాయన జెన్షన్ వయొలెట్ అనే ఊదారంగు మందు కలిపి సీసాలో పోసిస్తాడు. చవక, పనిచేస్తుంది కూడా. మా తమ్ముడేమో, ఈ రంగు రొయ్యలో తేలితే యూరప్ వాళ్లు సరుకు తిప్పికొడతారు, దాన్ని మనిషికి పూస్తారా అంటాడు. పూయొచ్చా, మానాలా?

ఒంగోలు ఫార్మసిస్ట్:
తమ్ముడు చెప్పింది నిజం అన్నా. వాళ్లు పరీక్షల్లో వెతికే క్రిస్టల్ వయొలెట్ ఇదే. మలకైట్ గ్రీన్ అనే రంగు దీని దగ్గర చుట్టం. చిట్టెలుకలకు రెండేళ్లు మేతలో కలిపి పెడితే కాలేయంలో కణితులు వచ్చాయి. 2019లో కెనడా ఈ మందు వాడకం ఆపమంది. మానెయ్యండి.

కావలి పాత కాంపౌండర్:
రెండేళ్లు తినిపించడం, వేళ్ల సందులో దూదితో అద్దడం ఒకటేనా అబ్బాయ్? గ్రామ్ పాజిటివ్ అనే రకం బ్యాక్టీరియాను ఇది ఆపుతుందని చర్చ్‌మన్ అనే డాక్టర్ 1912లోనే చూపించాడు. కాండిడా అనే ఫంగస్ మీదా పనిచేస్తుంది. మేం 100 మి.లీ.కి అర గ్రాము తూచి, వడగట్టి ఇచ్చేవాళ్లం. ఇది ఆపితే కుర్రాళ్లు ఏం కొంటారు? స్టెరాయిడ్ కలిసిన ట్యూబు! డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో రూల్ బిగించారు, ఎవరు వింటున్నారు? దురద రెండ్రోజుల్లో పోతుంది, తామర మాత్రం తొడలు దాటి నడుమెక్కుతుంది.

ఒంగోలు ఫార్మసిస్ట్:
ట్యూబు చెడ్డదైతే మీ సీసా మంచిదైపోదు గురువుగారూ. స్టెరాయిడ్ లేని ఫంగస్ మందు క్లోట్రిమజోల్ ఉంది కదా. అయినా ఆ సీసా మీద ఎంత శాతమో, ఏ తేదీన కలిపారో రాసుందా?

నెల్లూరు స్కిన్ డాక్టర్:
సందుల్లో తడిపుండుకి నేనైతే క్లోట్రిమజోలే ముందు రాస్తాను. తామరకి ఈ రంగుని నమ్ముకోవద్దు. ఇప్పుడు మన దేశంలో తిరుగుతున్న ట్రైకోఫైటాన్ ఇండోటినే అనే తామర ఫంగస్ చాలామందిలో టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందుకే లొంగట్లేదు. చర్మం తెగిన చోట, నోట్లో అసలు వద్దు. నాకు టెన్షన్ షుగరున్నవాళ్ల గురించే. ఊదారంగు కింద ఎర్రదనం, వాపు మొదలైనా కనపడదు. పాదంలో పుండు ముదిరాక వస్తారు.

కొత్తపట్నం మేస్త్రి:
అందరూ మందు గురించే మాట్లాడుతున్నారు. గమ్‌బూట్లు ఎవరు కొనిస్తారు సార్? కాళ్లు ఆరబెట్టుకునే టైమేదీ? ఇంకో మాట. ఆ రంగు కాళ్లతోనే మళ్లీ చెరువులో దిగుతారు. శాంపిల్‌లో రంగు తేలితే కూలోడి కాలి నుంచి వచ్చిందంటే ఎవరన్నా వింటారా?

మైపాడు రైతు:
ఈ మాట నాకు తట్టనే లేదు మేస్త్రీ. సరే, చెరువు పనోళ్లకి ఆ సీసా బంద్, క్లోట్రిమజోల్ ట్యూబే కొనిస్తా. బూట్లకి యూనియన్‌లో అడుగుతా. మా అమ్మకి గోరుచుట్టు వస్తే మాత్రం ఆ సీసానే తీస్తుంది, ఆమెకి మీలో ఎవరు చెప్తారో చెప్పండి.