అప్‌డేట్: మా బాబు మాస్క్ పెట్టుకున్నాడు

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) మూతపడ్డాక, ఆటిజం ఉన్న మా ఎనిమిదేళ్ల బాబు రోజంతా ఏడుస్తున్నాడని, మాస్క్ ముట్టనివ్వడం లేదని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే రోజు పనులన్నీ బొమ్మలుగా గీసి ఫ్రిజ్ మీద అంటించాను. స్నానం, ఇడ్లీ, ఆట... పని అయిపోగానే ఆ బొమ్మను వాడే పీకి రేకు డబ్బాలో వేస్తాడు. తర్వాత ఏముందో తెలిసేసరికి ఏడుపు బాగా తగ్గింది.

మాస్క్ సంగతి వేరే. చెవుల దగ్గర ఎలాస్టిక్ ఒరుసుకుంటోందని నాకు ఆలస్యంగా అర్థమైంది, పాపం. మా అమ్మ పాత నూలు చీర చింపి, తల వెనక ముడివేసే నాడాలతో కుట్టింది. ముందు వాడి ఎలుగుబంటికి కట్టాం, తర్వాత నాకు, ఆఖరికి వాడికి. నిన్న కిరాణా కొట్టుదాకా తీయలేదు!

వీడియోకాల్‌లో స్పీచ్ థెరపీ మాత్రం కుదరలేదు. టీచర్‌గారు ఇప్పుడు నాకే నేర్పిస్తున్నారు, నేను వాడితో చేయిస్తున్నాను.