కారం తీసేస్తే మిరపకాయలో ఏం మిగులుతుంది?

కందుకూరు కోడలు:
మా మామగారికి కడుపులో మంట. డాక్టరు గారు కారం బాగా తగ్గించమన్నారు. ఆయనకేమో కూర ఎర్రగా లేకపోతే ముద్ద దిగదు. కారం లేని మిరపకాయ వాడితే ఒంటికేమైనా మేలుందా, వట్టి రంగేనా?

దర్శి రైతు:
అమ్మా, ఆ రంగులోనే మేలుంది. మేం కారానికి తేజ రకం మిరప, రంగుకి బ్యాడిగి రకం వేస్తాం. ఆ ఎరుపు పేరు క్యాప్సాంథిన్. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌కు చుట్టం, మంచి యాంటీఆక్సిడెంట్, అంటే ఒంట్లో కణాలు దెబ్బతినకుండా చూసే పదార్థం. వెలుతురు, వేడి తగిలితే వెలిసిపోతుంది. పోయినేడు కళ్లంలో ఉండగా వాన పడి మా కాయ సగం తాలు అయింది. ఆ తెల్లబడ్డ కుప్ప చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. మీరు మాత్రం కారప్పొడి సీసా కిటికీ దగ్గర పెట్టకండి.

ఒంగోలు బోటనీ మాస్టారు:
రైతు గారు చెప్పింది నిజం. చాలామంది కారమంతా గింజల్లో ఉందనుకుంటారు. అది పుట్టేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. రంగు, విటమిన్ సి ఉండేది కాయ కండలో. అందుకే ఆ పొర గీకేస్తే కారం చాలావరకు పోతుంది, మేలు ఉంటుంది. వంద గ్రాముల నారింజలో విటమిన్ సి సుమారు 50 మిల్లీగ్రాములైతే, వండని ఎర్ర క్యాప్సికమ్‌లో 120 దాటుతుంది. హంగరీ శాస్త్రవేత్త సెంట్ గ్యోర్గీ ఈ విటమిన్‌ను రాశులుగా తీసింది మిరపపండ్ల నుంచే. ఆయనకు 1937లో నోబెల్ వచ్చింది. అయితే ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది, దానికి ఎండబెట్టని తాజా కాయే తినాలి.

కారం లేని మిరపలో ఉండే పదార్థం ఇంకొకటి, క్యాప్సియేట్. నిర్మాణం కారపు పదార్థంలాగే ఉంటుంది, ఘాటు దాదాపు వెయ్యో వంతు. జపాన్‌లో సిహెచ్-19 స్వీట్ అనే తీపి మిరపలో ఇది బాగా ఉంది. ఒంట్లో కొవ్వు ఖర్చును కాస్త పెంచుతుందంటారు గానీ ఆ ప్రభావం చిన్నదే. దానికోసం మాత్రలు కొనొద్దు.

నెల్లూరు పెద్దమ్మ:
అమ్మాయ్, నేను చేపల పులుసుకి బ్యాడిగి కాయలు చీల్చి, గింజలూ పొరా దులిపేసి, వేడినీళ్లలో నానబెట్టి రుబ్బుతా. ఆ ముద్దను నూనెలో నిదానంగా వేయిస్తే నూనె ఎర్రగా పైకి తేలుతుంది.

ఒంగోలు బోటనీ మాస్టారు:
పెద్దమ్మ గారి పద్ధతి సరైనదే. ఆ రంగు నీళ్లలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. నూనెతో తింటేనే ఒంటికి బాగా పడుతుంది.

కందుకూరు కోడలు:
ఆదివారం అలాగే చేశాను పెద్దమ్మా, చింతపండు కూడా తగ్గించి. మామగారు మళ్లీ వేయించుకున్నారు. రాత్రి మంట రాలేదన్నారు. బుధవారం డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఇదంతా చెప్పి, రోజూ పెట్టొచ్చో లేదో అడిగి వస్తాను.