బడి పిల్లలతో మొక్కలు నాటించి ఫోటో అప్‌లోడ్ చేస్తే అది పర్యావరణ విద్య అయిపోతుందా?

చాక్‌పీస్ మాస్టారు
అందరికీ నమస్కారం. హైస్కూల్లో బయాలజీ చెప్తాను, ఊరు పేరు వద్దులెండి. ఈ జులైలో మళ్ళీ అదే తంతు. నర్సరీ నుంచి ఆటోలో మొక్కలు దిగాయి, మధ్యాహ్నం భోజనం లోపు నాటేయాలి, ఫోటో తియ్యాలి, పోర్టల్లో ఎక్కించాలి, సర్టిఫికెట్ దించుకోవాలి. 2024 జూన్ 5న "ఏక్ పేడ్ మా కే నామ్" (అమ్మ పేరున ఒక మొక్క) అనే కేంద్ర కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఈ ఫోటోల పని ఇంకా ఎక్కువైంది. ఒక్క మొక్క మీద ఎనిమిది చేతులు, వెనక బ్యానర్ పడాలి, అందరూ నవ్వాలి. అంతా అయ్యాక చూస్తే మూడు మొక్కలకి నల్ల కవర్ కూడా చింపలేదు, కవర్‌తో సహా పాతేశారు. పిల్లల తప్పు కాదు, చూసుకోవాల్సింది నేను, నా చేతిలో ఫోన్ ఉంది మరి.

గుంత తవ్వుతూ ఒక ఎనిమిదో క్లాసు వాడు "సార్, ఇందులో పోయినేటి మొక్క ఎండిపోయి ఉంది, పీకేయమంటారా?" అని అడిగాడు. పీకేయమన్నాను. ఇంకేం చెప్తాను.

ఇంకో పక్క 2022లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళు సిలబస్ తగ్గిస్తూ పన్నెండో తరగతి బయాలజీలో "పర్యావరణ సమస్యలు" అనే చివరి చాప్టర్ మొత్తం ఎత్తేశారు. అడవుల నరికివేత, చెట్లని కౌగిలించుకుని కాపాడిన చిప్కో ఉద్యమం, ఓజోన్ అన్నీ అందులోవే. పాఠం తీసేసి మొక్క చేతికిచ్చారు. నా మట్టుకు ఇది చదువు కాదు, లెక్కల కోసం చేసే పని. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల అమ్మ
మాస్టారు, మీ బాధ అర్థమైంది కానీ మొత్తం కొట్టిపారేయకండి. మా అపార్ట్‌మెంట్‌లో మట్టి అంటే కుండీలో ఉండేదే. మా చిన్నది బడిలో నాటిన వేప మొక్క గురించి నెల రోజులు ఇంట్లో అదే కథ, దానికి పేరు కూడా పెట్టుకుంది, వర్షం పడితే "నా మొక్క తాగుతోంది" అనేది. పాఠం చదివితే ఈ మాట వస్తుందా? ఫోటో తియ్యమన్నారు కాబట్టే ఆ బడి వాళ్ళు నాటారు, లేకపోతే ఆ గంట కూడా మ్యాథ్స్ క్లాసే పెట్టేవాళ్ళు, నాకు తెలుసు ఆ బడి సంగతి.

లాస్ట్ బెంచ్ 2016
పాఠం ఉంటే ఏదో అయిపోతుంది అనుకునేవాళ్ళకి నా కథ. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని కంపల్సరీ సబ్జెక్ట్ చెయ్యాలని చెప్పింది కదా, అది తిరిగి తిరిగి ఇంటర్ ఫస్టియర్‌లో మా దగ్గరికి ఎలా వచ్చిందో తెలుసా? ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ అని ఒక పరీక్ష, పాసవ్వాలి కానీ మార్కులు టోటల్‌లో కలవవు. మార్కులు కలవవు అంటే మా కాలేజీలో దానికి క్లాసే లేదన్నమాట. ముందు రోజు నలభై పేజీల గైడ్ ఒకటి చేతిలో పెట్టారు. "జీవవైవిధ్యం అంటే ఏమి" అన్నదానికి నేను రాసిన జవాబు, నా వెనకోడు రాసింది, వాడి వెనకోడు రాసింది అక్షరం తేడా లేదు, జీవవైవిధ్యం అసలే లేదు 😂 డిగ్రీలో మళ్ళీ అదే పేపర్, మళ్ళీ అదే గైడ్, కవర్ రంగు మారింది అంతే.

సో మాస్టారూ, ఆ చాప్టర్ ఉంచినా ఇదే జరిగేది.

చాక్‌పీస్ మాస్టారు
@లాస్ట్ బెంచ్ ఒప్పుకోను తమ్ముడూ. చాప్టర్ ఉంటే చెప్పాలనుకునే టీచర్‌కి ఒక ఆధారం ఉంటుంది, సిలబస్‌లో ఉంది కాబట్టి చెప్తున్నాను అనొచ్చు. లేనిది చెప్తే "ఎందుకు టైమ్ వేస్ట్" అంటారు. అమ్మగారూ, మీ పాప మాట నిజంగా బాగుంది. కానీ వచ్చే జూన్‌లో ఆ వేప ఎలా ఉందో ఒకసారి చూసి చెప్పండి.

ఎందుకంటే అసలు కిటుకు క్యాలెండర్‌లో ఉంది. మనం నాటేది జులై ఆగస్టు. వానలకి బతుకుతుంది, చలికాలం లాగిస్తుంది. ఏప్రిల్ చివర్లో బడికి సెలవులు, మళ్ళీ తీసేది జూన్ రెండో వారం. మొక్కకి నీళ్ళు కావాల్సిన ఆ ఏడు వారాలూ గేటుకి తాళం. ప్రహరీ విరిగిన చోట నుంచి మేకలు. ఇది ఏ గైడ్‌లైన్స్‌లోనూ ఉండదు. నన్నడిగితే నాటిన లెక్క తీసేసి, వేసవి దాటి బతికిన మొక్కల లెక్క అడగాలి. అప్పుడు దారిలోకొస్తారు.

కార్యదర్శి కష్టాలు
సార్ దయచేసి ఆ మాట అనకండి, దండం పెడతా. మా తెలంగాణలో అది కూడా చేసి చూసిండ్రు. 2015ల మొక్కలు నాటే హరితహారం మొదలైంది, పచ్చదనం 24 శాతం నుంచి 33కి తీసుకపోవాలని. మొక్కలు బతుకుతలేవని 2018 పంచాయతీరాజ్ చట్టంల 85 శాతం బతకాలె, లేకుంటే సర్పంచ్, కార్యదర్శి మీద చర్య అని పెట్టిండ్రు. బడ్జెట్‌ల పది శాతం కూడా దీనికే. నేను పంచాయతీ కార్యదర్శిని. 85 శాతం బతికినయా అంటే రికార్డుల బతికినయి. ఎట్లంటరా? ఎండిపోయిన దాని జాగల అంతే ఎత్తు మొక్క ఇంకోటి తెచ్చి పెట్టుడే, దానికి గ్యాప్ ఫిల్లింగ్ అని పేరు. తనిఖీకి వస్తున్నరంటే ముందటి రోజు రాత్రి టార్చ్‌లైట్ పట్టుకొని పెట్టినం. ఇంకోటి, తొందరగ పెరగాలె, పచ్చగ కనవడాలె, మేకలు ముట్టొద్దు అంటే ఏం పెడ్తరు, కోనోకార్పస్ అనే బయటి దేశపు చెట్టు పెడ్తరు. తర్వాత అది మంచిది కాదు పెట్టొద్దు అన్నరు, గుజరాత్ల 2023ల నిషేధమే పెట్టిండ్రు.

అయితే ఒకటి చెప్పాలె, భయంతోనైనా ట్యాంకర్‌తో నీళ్ళు పోయించినం, రోడ్ల పొంటి కొన్ని చెట్లు నిజంగనే పెద్దగైనయి. మొత్తం దండగ అని నేననను. కానీ ఏది లెక్కవెడ్తే దానికే వేషం కడ్తరు, బడిల గూడ అదే అయితది. పిల్లలు మాత్రం అది చూసి ఏం నేర్సుకుంటరు?

ఎండుటాకు
అడవి శాఖలో బీట్ చూసి రిటైరైన వాడిని. ఇంతసేపూ మొక్క మొక్క అంటున్నారు, అడవి సంగతి ఒక్కరూ అనలేదు.

నాటితే అడవి రాదు బాబూ. నల్లమల వైపు ఎండాకు రాలే అడవిలో చెట్టు కొట్టినా మోడు నుంచి చిగురు వస్తుంది, వేరు నుంచి పిలక వస్తుంది. నాలుగేళ్ళు పశువుల్ని, నిప్పుని రానీయకపోతే మనం ఏమీ చెయ్యక్కర్లేదు, అదే లేస్తుంది. మా పని చాలావరకు ఫిబ్రవరి నుంచి మే దాకా ఫైర్ లైన్లు గీకటం, ఆకు ఊడ్చి గీత పెట్టటం, రాత్రుళ్ళు పొగ ఎక్కడ లేస్తుందో చూడటం. దానికి ఫోటో ఏముంటుంది? ఆకుల్లేని నేల ఫోటో ఎవడు పెట్టుకుంటాడు. మంట రాకపోతే పని జరిగినట్టు, జరిగిన పని కనపడదు.

ఇంకో మాట. 2023 అటవీ సర్వే నివేదికలో దేశంలో అడవి, చెట్లు కలిపి 25.17 శాతం అన్నారు. 1988 అటవీ విధానం చెప్పిన 33 శాతానికి దగ్గరపడుతున్నాం అని సంబరం. కానీ ఆ లెక్కలో ఒక హెక్టారు మించి, అందులో పది శాతం నేలని చెట్ల కొమ్మలు కప్పితే చాలు, ఎవరిదైనా, ఏ చెట్టయినా లెక్కలోకే. మామిడి తోట అడవే, జామాయిల్ తోట అడవే. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది మరి. పిల్లలకి ఈ ఒక్క తేడా చెప్పండి చాలు, తోటకీ అడవికీ.

లాస్ట్ బెంచ్ 2016
ఎండుటాకు సార్ కరెక్ట్ పాయింట్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి గొడవంతా ఇదే కదా. 400 ఎకరాలు, ప్రభుత్వం ఏమో రికార్డుల్లో అడవి కాదు మాదే భూమి అంది, స్టూడెంట్స్ ఏమో నెమళ్ళు జింకలు చూపించారు. 2025 ఉగాది సెలవుల్లో బుల్డోజర్లు దిగాయి, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది, అప్పటికే వంద ఎకరాల దాకా కొట్టేశారు. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో కోర్టు చెప్పిందేంటి, రికార్డులో ఏమున్నా, ఎవరి భూమైనా, డిక్షనరీ అర్థంలో అడవి అయితే అది అడవే అని.

హాఫ్ టీ
ఒక్క నిమిషం బ్రో. ఆ భూమి మీద కోర్టులో ప్రభుత్వమే గెలిచింది, 2024లో. ఎప్పుడో ఒక ప్రైవేట్ కంపెనీకి ఆటల కోసం ఇచ్చి, 2006లో రద్దు చేసి, అన్నేళ్ళు కేసు నడిచి తిరిగొచ్చిన భూమి. ఖాళీగా వదిలేస్తే తుప్పలు పెరిగాయి, తుప్పలు పెరిగిన ప్రతి చోటూ అడవి అంటే ఈ సిటీలో ఉద్యోగాలు ఎక్కడ పెడతారు? ఆ వీడియోల్లో కొన్ని ఏఐతో చేసినవి కూడా, దాని మీద కేసులు కూడా పెట్టారు. పిల్లలకి పర్యావరణం నేర్పాలి అంటే ఇది కూడా నేర్పాలి, ప్రతి ఏడుపు నెమలి ఫోటో నమ్మొద్దని.

ఎండుటాకు
ఏఐ ఫోటో తప్పే, వాళ్ళ వాదనకే చేటు చేసింది. కానీ "తుప్పలు" అన్నావు చూడు నాయనా, కంచ అంటేనే పశువుల మేత బీడు. తుప్పా గడ్డీ రాళ్ళూ ఉన్న నేలే దక్కన్‌లో చాలా ప్రాణులకి ఇల్లు. కుందేలు, కంజు పిట్ట, ఉడుములకి ఎత్తైన చెట్లే కావాలని లేదు. దాన్ని ఖాళీ జాగా అనటం మనకి బళ్ళోనే నేర్పారు, వేస్ట్‌లాండ్ అని. నేనూ సర్వీసులో చాలా ఏళ్ళు ఆ మాటే వాడాను.

లాస్ట్ బెంచ్ 2016
@హాఫ్ టీ ఉద్యోగాల మాట నేను కాదనను, నేను చేసేదీ ఐటీ ఉద్యోగమే. కానీ ఒక్కటి చూడు. ఆ యూనివర్సిటీ క్యాంపస్‌లో రెండు వందలకు పైగా రకాల పక్షులు అని అంకె ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడ ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి తిరిగినోళ్ళు రాసి పెట్టుకున్న లిస్టుల నుంచి. ఆ పుస్తకాలు లేకపోతే కోర్టులో ఏం చూపిస్తారు? దానికి మార్కుల్లేవు, సర్టిఫికెట్ లేదు.

చాక్‌పీస్ మాస్టారు
ఇది నాకు తట్టలేదు. కార్యదర్శి గారి దెబ్బకి నా "బతికిన లెక్క" ఐడియా వదిలేశాను, నిజమే, టార్చ్‌లైట్ నా చేతికే వస్తుంది. అయితే లెక్క పైకి పంపకుండా, పిల్లాడి నోట్‌బుక్‌లోనే ఉంచితే? ఒక్కో పిల్లాడికి ఒక చెట్టు, కొత్తది కాదు, ఉన్నదే. మా బడి వెనక కానుగ, చింత, రెండు తుమ్మలు ఉన్నాయి. ఎప్పుడు ఆకు రాలింది, ఎప్పుడు పూసింది, ఏ పిట్ట వాలింది. ఏడాదంతా. మొక్క చచ్చిపోతే చచ్చిపోయింది అని రాయాలి, ఎందుకు చచ్చిందో రాయాలి.

హాఫ్ టీ
అరవై మంది పిల్లలు, నాలుగు చెట్లు. గుడ్ లక్ మాస్టారు 😀 పైగా ఫోటో పోర్టల్ ఆగదు, అదీ చెయ్యాలి, ఇదీ చెయ్యాలి.

చాక్‌పీస్ మాస్టారు
కొమ్మకొకడు తీసుకుంటాడు. ఫోటో కూడా చేస్తానండి, ఉద్యోగం చెయ్యాలిగా. ఈసారి కవర్లు మాత్రం ముందే నేనే చింపుతాను.

ఎండుటాకు
తుమ్మలు తీసెయ్యకండి ఎవరన్నా చెప్పినా. గిజిగాళ్ళు ముళ్ళ చెట్లకి కడతాయి గూడు. వీలైతే పిల్లల్ని ఫిబ్రవరిలో మోదుగ పూసినప్పుడు దగ్గర్లో గుట్ట ఏదైనా ఉంటే తీసుకెళ్ళండి, ఆకు ఒక్కటి ఉండదు, చెట్టు మొత్తం ఎర్రగా ఉంటుంది.

ఇద్దరు పిల్లల అమ్మ
నిన్న బడికి వెళ్ళి చూసొచ్చాను. మా చిన్నదాని వేప ఉంది, మోకాలెత్తు అయింది, పక్కవి నాలుగు లేవు. మాస్టారు, మీరన్న ఆ ఏడు వారాలకి ఇక్కడ తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాచ్‌మన్‌ని అడిగాను. ఆయన దగ్గరే ఉంటుందట. బోరు స్విచ్ మాత్రం ఆఫీసు రూమ్ లోపల ఉందట, ఆ తాళం ఎవరి దగ్గరో ఆయనకి తెలీదు.