ఆయిల్ ఫిల్టరు మార్చిన తరువాత తెల్లవారుజామున ఇంజిన్‌లో శబ్దం: ఈసారి ఏ ఫిల్టరు ఎంచుకోవాలి?

ప్రశ్న (పాలకొల్లు)

అందరికీ నమస్కారం. భీమవరం, నరసాపురం వైపు చెరువుల నుంచి రొయ్యలు తోలే డీజిల్ పికప్ నాది. ఇప్పటికి 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల క్రితం ఆయిల్ మార్పించినప్పుడు కంపెనీ ఫిల్టరు దొరకక, దుకాణంలో ఇచ్చిన చౌకరకం ఒకటి వేయించాను. అప్పటి నుంచి తెల్లవారుజామున బండి స్టార్టు చేయగానే మూడు నాలుగు సెకన్లపాటు లోపల గలగలమని శబ్దం వస్తోంది, ఆయిల్ లైటు కూడా అంతసేపూ వెలుగుతూనే ఉంటోంది. పగటిపూట చెరువు గట్టున అరగంట ఆపి మళ్ళీ తీస్తే ఈ బాధ లేదు. ఆయిల్ మట్టం సరిగానే ఉంది, గ్రేడు (ఆయిల్ చిక్కదనం) కూడా మునుపటి 15డబ్ల్యూ-40యే. నా ఇంజిన్‌కు ఫిల్టరు పక్కకు అడ్డంగా బిగించి ఉంటుంది.

ఇప్పుడు నా ముందు మూడు ఉన్నాయి: కంపెనీ ఫిల్టరు, దానికంటే తక్కువ ధరకు వచ్చే పేరున్న మరో తయారీదారు ఫిల్టరు, సింథటిక్ అని డబ్బా మీద రాసి ఉన్న ఖరీదైనది. పైకి మూడూ ఒకేలా ఉన్నప్పుడు వీటిని ఏ లెక్కన పోల్చాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (రావులపాలెం, మెకానిక్)

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం ఫిల్టరులో ఆయిల్‌ను వడపోసే కాగితం మీద కాదు, దాని మూతి దగ్గర ఉండే రబ్బరు వాల్వు మీద. ఇంజిన్ ఆగినప్పుడు ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి జారి సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) పోకుండా ఆపడమే ఆ వాల్వు పని. అది సరిగా మూసుకోకపోతే రాత్రంతా ఆయిల్ కొద్దికొద్దిగా దిగిపోయి, తెల్లవారేసరికి ఫిల్టరు ఖాళీ అవుతుంది. పంపు దానిని మళ్ళీ నింపి, ఆ తరువాత పైభాగాలకు ఆయిల్ అందించేవరకు మీకు ఆ గలగల వినిపిస్తుంది. పగలు అరగంటలో అంత ఆయిల్ దిగదు కనుక అప్పుడు శబ్దం లేదు. మూతి పైకి ఉండేలా నిలువుగా వేలాడే ఫిల్టర్లలో ఈ వాల్వు లేకపోయినా పెద్దగా నష్టం ఉండదు గాని, మీ బండిలా అడ్డంగా బిగించే చోట దాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఈ వాల్వును నైట్రైల్ రబ్బరుతోనైనా, సిలికోన్‌తోనైనా చేస్తారు. నైట్రైల్ వేడికి క్రమంగా గట్టిపడి అంచు సరిగా అతుక్కోదు. సిలికోన్ ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. మూతి రంధ్రాలలోంచి తొంగిచూస్తే నలుపు రంగు సాధారణంగా నైట్రైల్, నారింజ లేదా ఎరుపు రంగు సిలికోన్ అవుతాయి, అయితే రంగు వేసి మోసగించేవారూ లేకపోలేదు. చూసేది ఒక్కటే అయితే, ముందు దీనినే చూడండి.

రెండవది బైపాస్ వాల్వు. కాగితం మూసుకుపోయినప్పుడు, లేదా ఆయిల్ చిక్కగా ఉండి కాగితంలోంచి వెళ్ళలేనప్పుడు, ఇంజిన్ ఆయిల్ లేకుండా నడవకూడదని ఈ వాల్వు తెరుచుకొని, వడపోయని ఆయిల్‌నే పంపుతుంది. ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. కొన్ని ఇంజిన్లలో అది ఫిల్టరులో కాక ఇంజిన్ బ్లాకులోనే ఉంటుంది. థ్రెడ్ (బిగించే మర) సరిపోయింది కదా అని వేరే బండి ఫిల్టరు బిగించేవారు మరిచిపోయేది దీనినే.

జవాబు 2 (అమలాపురం)

పై మిత్రుని మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, కాగితాన్ని అంత తేలికగా పక్కన పెట్టకూడదు. మామూలు సెల్యులోజ్ కాగితంలో పీచుల మధ్య రంధ్రాలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. సింథటిక్ పీచు సన్నగా, ఒకే తీరున ఉండటం వలన చిన్న రేణువులను పట్టుకుంటూనే ఆయిల్‌ను సులువుగా పోనిస్తుంది. అయితే సింథటిక్ అన్న మాట ఒక్కటే చాలదు. ఆయిల్ ఫిల్టర్ల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4548-12 పరీక్ష ప్రకారం ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువును ఎంత శాతం ఆపుతుందో తయారీదారు చెప్పాలి. 20 మైక్రాన్ల దగ్గర 99 శాతం అన్నది మంచి అంకె. మైక్రాన్ల లెక్క లేకుండా 99 శాతం అని మాత్రమే రాసి ఉంటే దానికి అర్థం లేదు.

అయినా ప్రతి 10,000 కిలోమీటర్లకు మీరు తప్పకుండా ఆయిల్ మారుస్తుంటే ఆ ఖరీదైన ఫిల్టరు మీకు అవసరం లేదనే నా అభిప్రాయం. మన ప్రాంతంలో కోతలు, నూర్పిళ్ళ రోజుల్లో రోడ్డు మీద లేచే ఊక, దుమ్ము ఇంజిన్‌లోకి చేరేది గాలి ఫిల్టరు దారిన. అక్కడ ఆపకుండా, లోపలికి వచ్చాక ఆయిల్ ఫిల్టరు ఆపుతుందనుకోవడం ఇంటి తలుపు తెరిచి పెట్టి బీరువాకు తాళం వేయడమే. ఇంకొక మాట: చెరువుల దగ్గర లోడింగు జరిగే గంటలన్నీ ఇంజిన్ ఆన్‌లోనే ఉంటే, కిలోమీటర్ల మీటరు చూపించనిది ఆయిల్ చూస్తుంది. ఆ గంటలను కూడా లెక్కలోకి తీసుకొని కొంచెం ముందే మార్చండి.

జవాబు 3 (నరసాపురం)

ఒక హెచ్చరిక. ఎమ్20 (20 మిల్లీమీటర్ల) థ్రెడ్ ఉన్న ఫిల్టరు, ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్ల స్టడ్ (ఫిల్టరు ఎక్కించే ఇంజిన్ మీది మరల గొట్టం) మీదకు వదులుగానైనా ఎక్కేస్తుంది. బిగిసినట్టే అనిపించి, దారిలో ఒత్తిడికి జారిపోయి ఆయిల్ అంతా రోడ్డుపాలవుతుంది. కనుక చేతితో తిప్పేటప్పుడు అటూఇటూ ఊగితే అక్కడే ఆపేయండి. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కొని మిగిలిందేమో కూడా చూడాలి. దాని మీదే కొత్తది బిగించి, ఆయిల్ కారించుకున్నవాడిని నేను. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, అది ఆనిన తరువాత ముప్పావు చుట్టు చేతితో తిప్పితే చాలు, స్పానరుతో బిగించవద్దు.

ప్రశ్న అడిగినవారి సమాధానం

అందరికీ కృతజ్ఞతలు. తీసిన ఫిల్టరును హాక్‌సాతో కోస్తే ఇనుప రజను కాగితం మీద పడి ఇంజిన్ అరుగుదలగా భ్రమపడతామని మా మెకానిక్ ఉలితో అంచు మడత ఊడదీశాడు. లోపలి రబ్బరు నల్లగా, గోటితో నొక్కినా దిగనంత గట్టిగా ఉంది. ఒకవైపు అంచు పైకి లేచి ఉంది. కాగితం మడతల్లో లోహపు మెరుపులేవీ కనిపించలేదు కనుక ఊరట కలిగింది. పేరున్న తయారీదారు ఫిల్టరులో వాల్వు నారింజ రంగులో ఉండటం, నా బండి మోడలు డబ్బా మీద ముద్రించి ఉండటం చూసి అదే వేయించాను. మూడు రోజులుగా తెల్లవారుజామున గలగల లేదు, లైటు సెకనులోపే ఆరుతోంది. గాలి ఫిల్టరు విప్పి చూస్తే గుప్పెడు ఊక రాలింది. దానిని కూడా మార్పించాను.