ఎల్లో కార్డుకి పది రోజుల రూలు: నిజంగా అవసరమా, వట్టి కాగితాల గోలా?

ఎరాడకొండ:
ఘనాలో టెమా పోర్టులో షిప్ ఎక్కమని జాయినింగ్ ఇచ్చారు. వచ్చే సోమవారం ముంబై నుంచి ఫ్లైట్. ఎల్లో కార్డు, అంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ కావాలట, టీకా ఇంకా వేయించుకోలేదు. రేపు వేయించుకున్నా పది రోజులు నిండవు. తేదీ లెక్కపెట్టి మరీ చూస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండన్నా.

పోర్ట్‌రోడ్:
చూస్తారు తమ్ముడూ. ఘనాలో దిగే అక్రా దాకా కూడా వెళ్ళక్కర్లేదు, ముంబై చెకిన్ కౌంటర్‌లోనే ఆపేస్తారు. తొమ్మిది నెలలు దాటిన ఎవరైనా సరే, ఏ దేశం నుంచి వచ్చినా ఘనాకి కార్డు కావాలి. టీకా వేసిన పది రోజులకి గానీ కార్డు చెల్లదు.

కంచరపాలెం_ఏబీ:
ఏటి బాబూ ఈ రూలు! ఇండియాలో ఎల్లో ఫీవర్ అన్నదే లేదు. లేని రోగాన్ని మనం ఘనాకి ఎలా పట్టుకెళ్తాం? తిరిగొచ్చేటప్పుడైనా, టెమా నుంచి వైజాగ్ రావడానికి షిప్‌కి ఎన్ని రోజులు? మన గవర్నమెంటు చూసేది ఆరు రోజులే. సముద్రం మీదే ఆ ఆరూ దాటిపోతాయి. ఇంక కార్డు ఎందుకు?

పోర్ట్‌రోడ్:
ఆరు రోజుల లెక్క కరెక్టే. దాన్ని వాడిన చోటు తప్పు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి 3 నుంచి 6 రోజులు పడుతుంది. అందుకే ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి ఆరు రోజుల్లోపు వచ్చినవాళ్ళని ఇండియా కార్డు అడుగుతుంది. లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్. మరీ చిన్న పసిపిల్లలకే మినహాయింపు. షిప్‌లోనే వైజాగ్ వచ్చేవాడికీ నువ్వన్నది పూర్తిగా చెల్లదు: అక్కడి రేవు తాకి 30 రోజులు దాటని షిప్‌లో దోమల మందు కొట్టించకపోతే కార్డు అడుగుతారు. పైగా టెమాలో సైన్ఆఫ్ అయినవాడు, అంటే డ్యూటీ ముగించి షిప్ దిగినవాడు, ఫ్లైట్ ఎక్కితే మర్నాటికి ముంబైలో ఉంటాడు. క్వారంటైన్ కూడా దిగిన చోటే, వైజాగ్ దాకా రానివ్వరు.

ఇక "లేని రోగం" మాట. ఇది మోసే ఏడిస్ ఈజిప్టై దోమ, డెంగీ దోమే. మన వీధుల్లో దానికి కొదవ లేదు. ఇక్కడి జనంలో ఈ వైరస్‌కి తట్టుకునే శక్తి లేదు. 2016లో అంగోలా నుంచి చైనాకి 11 కేసులు విమానాల్లోనే వచ్చాయి. మనకి రాలేదు కాబట్టి రూలు దండగ అనడం తలకిందుల వాదన.

పాతనగరం_ఫిట్టర్:
నాది 2014 కార్డు. 2024 వరకే అని రాసుంది. మళ్ళీ వేయించుకోవాలా?

సీతమ్మధార:
అక్కర్లేదండీ. 2016 జులై 11 నుంచి ఒక్క డోసుతో కార్డు జీవితాంతం చెల్లుతుంది, పాత కార్డులకీ అదే. ఆ గడువు తేదీని మీరు పెన్నుతో కొట్టేయకండి. దిద్దినా, చెరిపినా, ఏదైనా గడి ఖాళీగా వదిలినా కార్డు చెల్లదనొచ్చు. వేసిన డాక్టరు చేతి సంతకం ఉండాలి, స్టాంపు ఒక్కటే ఉంటే సరిపోదు. మీ సంతకం కూడా ఉందో లేదో చూసుకోండి, చాలామంది మర్చిపోయేది అదే.

లాసన్స్‌బే:
ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఇథియోపియాలో అడిస్ అబాబాలో నాలుగు గంటల ట్రాన్సిట్ ఉంటే కార్డు కావాలా?

పోర్ట్‌రోడ్:
ఎయిర్‌పోర్టు దాటి బయటికి రాకపోతే అక్కర్లేదు. కానీ ఇక్కడి హెల్త్ ఆఫీసరు ఒప్పుకోవాలన్న మెలిక ఉంది. బోర్డింగ్ పాసులు రెండూ దాచుకోండి.

కంచరపాలెం_ఏబీ:
మీరిద్దరూ పుస్తకం చదివి చెప్తున్నారు. తమ్ముడూ ఎరాడకొండా, మీ ఏజెంటుని అడుగు. వెనక తేదీ వేసి కార్డు ఇప్పించేవాళ్ళు ఉంటారు.

ఎరాడకొండ:
ఏజెంటు అదే అన్నాడన్నా. నిజానికి నేను అడగాలనుకున్నదీ అదే.

పోర్ట్‌రోడ్:
ఇదా అసలు సంగతి! ఆ పది రోజులు పెట్టింది ఒంట్లో రక్షణ తయారవడానికి. కాగితం మీద తేదీ మారిస్తే ఒళ్ళు మారదు. టెమాలో పగలు డెక్ మీద పనిచేసేది నువ్వు, ఆ దోమ కుట్టేదీ పగలే. పైగా కార్డు మీద టీకా బ్యాచ్ నంబరు ఉంటుంది. ఆ తేదీన టీకా కేంద్రం రిజిస్టర్‌లో నీ పేరు ఉండదు. పట్టుబడితే ఇరుక్కునేది నువ్వు, ఏజెంటు కాదు. కంచరపాలెం, ఇలాంటి సలహా ఇవ్వడానికి నీకు మనసెలా వచ్చింది?

కంచరపాలెం_ఏబీ:
నాకు నీతులు చెప్పొద్దు. జాయినింగ్‌కి నాలుగు రోజుల ముందు ఫోన్ చేసి "రెడీనా?" అంటారు. పది రోజులు ఆగమంటే ఆ బెర్తు ఇంకొకడికి పోద్ది. మళ్ళీ పిలుపు ఎప్పుడొస్తుందో తెలీదు, ఇంట్లో ఈఎమ్ఐలు ఆగవు. అలా నా కాంట్రాక్టు పోయింది. ఎవడైనా అడిగాడా?

సీతమ్మధార:
అంటే మీ కోపం రూలు మీద కాదు, ఆఖరి నిమిషంలో పిలిచే పద్ధతి మీద. అందులో నేను మీ వైపే. కానీ దానికి మందు దొంగ కార్డు కాదండీ. సీడీసీ (షిప్‌లో పనిచేసేవాళ్ళ గుర్తింపు పుస్తకం) చేతికొచ్చిన నెలలోనే టీకా వేయించేసుకుంటే జీవితాంతం ఆ బాధ ఉండదు.

ఎరాడకొండ గారూ, మన పోర్ట్ హెల్త్ ఆఫీసుకి ముందు ఫోన్ చేసి వెళ్ళండి. వయల్ ఒక్కసారి కలిపితే కొన్ని గంటల్లోనే వాడేయాలి, అందుకే జనాన్ని కూడగట్టి వేస్తారు. ఒరిజినల్ పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి, పేరు అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించుకోండి. ఇది బతికున్న వైరస్ టీకా. గుడ్డు తింటే తీవ్రంగా ఎలర్జీ వచ్చినా, స్టెరాయిడ్లు, కీమోలాంటి మందులు వాడుతున్నా, వయసు 60 దాటినా డాక్టరుకి ముందే చెప్పాలి. ఈమధ్య ఎమ్ఎమ్ఆర్‌లాంటి లైవ్ టీకా వేయించుకుని ఉంటే నాలుగు వారాల ఎడం పాటించడం మంచిది. వేశాక అరగంట అక్కడే కూర్చోండి.

పోర్ట్‌రోడ్:
షిప్ టెమా తర్వాత ఎక్కడికెళ్తుందో కనుక్కో తమ్ముడూ. సౌతాఫ్రికాలోని డర్బన్ అయితే నువ్వు అక్కడే ఎక్కొచ్చు, ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళని కార్డు అడగరు. టికెట్ మాత్రం అడిస్, నైరోబీ మీదుగా వేయొద్దని చెప్పు. అక్కడ 12 గంటలు మించి ఆగితే సౌతాఫ్రికా కార్డు అడుగుతుంది.

కంచరపాలెం_ఏబీ:
డర్బన్ దాకా ఆగితే అన్ని రోజుల జీతం ఎవరిస్తారు? అది చెప్పండి ముందు.

ఎరాడకొండ:
తర్వాత డర్బనేనట. రిలీవర్‌ని, అంటే దిగేవాడి బదులు ఎక్కే నన్ను, అక్కడికి మార్చడం కుదురుతుందో లేదో రేపు చెప్తామన్నారు. జీతం సంగతి అడిగితే జవాబు లేదు. టీకా మాత్రం ఈ వారమే, అసలు తేదీతోనే.