అప్‌డేట్: డెసర్ట్ హాట్ స్ప్రింగ్స్‌లో ఇల్లు దొరికింది

కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో అద్దెలు భరించలేక, పక్కనున్న డెసర్ట్ హాట్ స్ప్రింగ్స్‌లో అమ్మానాన్నలతో ఉండొచ్చా అని అడిగాను కదా, వచ్చేశాం.

మీరు చెప్పినట్టే ముందు ఏసీ గురించి గట్టిగా అడిగాను. పాత ఇళ్లు కొన్నింటిలో స్వాంప్ కూలరే (నీటి తడితో గాలిని చల్లబరిచే కూలర్) ఉంది, అది పొడిగాలిలో బాగానే పనిచేస్తుంది గానీ ఆగస్టులో ఉక్క పెరిగితే చేతులెత్తేస్తుంది, పైగా ఇక్కడ వేసవిలో 43 డిగ్రీలు దాటడం మామూలే, కాబట్టి ఏసీ లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు. ఒక ఓనరైతే మూడు నెలల డిపాజిట్ అడిగారు. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదు, చిన్న ఓనర్లయినా రెండు నెలలే. ఆ ఇల్లు వదిలేశాను.

గాలి మాత్రం చాలా ఎక్కువ. శాన్ గోర్గోనియో కనుమ వైపు నుంచి కొడుతుంది, కిటికీ సందుల్లోంచి కూడా ఇసుక వస్తోంది.

నీళ్లు అద్భుతం! ఊరి కింద భూకంప పగులుకి ఒకవైపు వేడినీళ్లు, రెండోవైపు చల్లటి తాగునీళ్లు. వేడినీళ్లకు గంధకం వాసనే లేదు. డే పాస్‌తో అమ్మని స్పాకి తీసుకెళ్తున్నాను, మోకాళ్ల నొప్పి పోయిందని అనను గానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోతోంది. కారు లేనివాళ్లకి మాత్రం కష్టమే.